మూలవిధేయత: ‘కల్కి 2898 ఏడీ’లో అశ్వత్థామ, కర్ణుడు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో చదువుతున్న మీకు మహాభారత ఉత్సవాలు తెలిసినవే: పగలు హరికథ, రాత్రి వీధినాటకం. వ్యాసభారతంలో అర్జునుడు హిమాలయాల్లో తపస్సు చేస్తాడు. మన ఉత్సవంలో ఎత్తైన తపసుమాను ఎక్కుతాడు. చోటు మారింది, తపస్సులోని కష్టం మారలేదు. అందుకే చూసేవారు దాన్ని తప్పుపట్టరు.

పురాణపాత్రలను సూపర్‌హీరోలుగా మలిచే సినిమాలకూ ఈ కొలత వర్తిస్తుంది. సౌప్తికపర్వంలో, ఉత్తర గర్భంపై అస్త్రం వేసిన అశ్వత్థామను మూడు వేల ఏళ్లు ఒంటరిగా తిరగమని కృష్ణుడు శపిస్తాడు. నాగ్ అశ్విన్ చిత్రం (2024) ఆ శాపానికి ఒక బాధ్యతను జోడించింది: కల్కిని మోసే తల్లిని అతడు కాపాడాలి. ఇది మూలంలో లేదు. కానీ గర్భాన్ని చంపబోయినవాడే గర్భానికి కాపలా కాయడంలో అతడి నేరం మనకు గుర్తుంటూనే ఉంటుంది. ఈ మార్పు మూలానికి విధేయమైనదే.

కర్ణుడి విషయం వేరు. చిత్రం అతడి శౌర్యాన్ని చూపింది. నిండుసభలో ద్రౌపదిని అవమానించిన అతడి మాటలను వదిలేసింది. అతడి శౌర్యం మూలంలో ఉన్నదే అయినా, వదిలినదాని వల్ల పాత్ర తేలికైంది.

కాబట్టి అనుసరణను విమర్శించేటప్పుడు ‘ఏం మారింది?’ అని అడిగి ఆగకండి. ‘మార్పు వల్ల ఎవరి తప్పు మాసిపోయింది?’ అని కూడా అడగండి.

అభ్యాసం: మీ ఊరి వీధినాటకంలోని ఒక ఘట్టాన్ని ఈ ప్రశ్నతో పరిశీలించండి.