లారీ కమాను, కమ్మరి కొలిమి, వడ్రంగి బాడిశ

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడలను తాకుతూ సాగుతుంది. ఆ దారిన రాత్రింబవళ్లు బరువు మోసే లారీలకు కమాను కట్టలు అరగడం, విరగడం మామూలే. విరిగిన పట్టీ పాత ఇనుము దుకాణానికి, అక్కణ్నుంచి ఏదో ఒక కొలిమికి చేరుతుంది. గొడ్డలిగానో, బాడిశగానో దాని రెండో బతుకు అక్కడ మొదలవుతుంది.

కమ్మరి దాన్నే ఏరుకోవడానికి కారణం ఉంది. కమాను ఉక్కులో కార్బన్ సుమారు 0.6 శాతం ఉంటుంది. కిటికీ చువ్వల్లాంటి మెత్తని ఇనుములో 0.2 శాతానికి అటూ ఇటూ. చువ్వను ఎంత ఎర్రగా కాల్చి ముంచినా పదును నిలవదు. కమాను పట్టీ అలా కాదు, గట్టిపడుతుంది, దెబ్బకూ ఓర్చుకుంటుంది. చిక్కల్లా పాత పట్టీలో కంటికి కనిపించని బీటలు ఉండటమే. అందుకే అనుభవం ఉన్న కమ్మరి విరిగిన కొసను నరికి పారేసి, తక్కిన ముక్కనే నిప్పులో పెడతాడు.

ఉక్కు మర్మం తెలంగాణకు కొత్త కాదు. ఉత్తర తెలంగాణలో, నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు ముద్దలు తీసే పద్ధతిని 1820ల్లో హెన్రీ వాయిసీ అనే సర్వే విభాగపు వైద్యుడు చూసి రాశాడు. ఆ ముద్దలను ఇరాన్ వర్తకులు కొనుక్కుపోయేవారు. ఆ మూసలు చల్లారిపోయి చాలా కాలమైంది. కానీ నిప్పు రంగు చూసి ఉక్కు స్థితి చెప్పే విద్య పల్లె కొలిమిలో ఇంకా ఉంది.

ఆ విద్య అంతా రంగుల్లోనే. కొలిమిని నీడన పెట్టేది అందుకే. ఎండలో ఎరుపు తేడాలు కనిపించవు. సాగగొట్టడం అయ్యాక వాదర వైపు మాత్రమే మళ్లీ కాలుస్తారు. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. ఆ తర్వాత ఇంకొంచెం కాగనిచ్చి ముంచాలి. కమాను ఉక్కును చన్నీళ్లలో ముంచితే పగిలే ప్రమాదం ఉంది కనుక నూనె మేలు. ముంచి తీసిన వాదర గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని రుద్ది మెరిసేలా చేసి, వెనక భాగంలోని వేడిని మెల్లగా ముందుకు పాకనిస్తారు. లేత గడ్డి రంగు, గోధుమ రంగు, ఊదా, నీలం, వరసగా వస్తాయి. గోధుమ రంగు దాటి ఊదాకు మళ్లే చోట ఆపితే గొడ్డలికి బాగుంటుంది. నీలం దాకా పోనిస్తే వాదర మెత్తబడుతుంది, గడ్డి రంగులోనే ఆపితే ముడి తగిలిన చోట పెచ్చు లేస్తుంది.

కొనేవాడికి ఈ రంగులు కనిపించవు. అతనికి ఉన్నది ఆకురాయి. దాన్ని వాదర మీద నడిపితే కాస్త ఎదురొడ్డుతూ కొరకాలి. జారిపోతే అతి గట్టి, తేలిగ్గా తినేస్తే అతి మెత్తన. తర్వాత సుత్తితో తట్టి వినాలి. బీట ఉంటే ఖంగుమనే మోత రాదు. చివరికి కామ దూర్చే కంతలోంచి వాదరను చూడాలి. రెండూ ఒకే గీతలో లేకపోతే, ఎంత మంచి ఉక్కయినా దెబ్బ పక్కకు పోతుంది. మెరుగు పెట్టిన తళతళ చూసి కొనేవాళ్లే ఎక్కువగా మోసపోతారు.

బాడిశ సంగతి వేరు. అది చెక్కేవాడి ముంజేతికి సరిపోవాలి. వడ్రంగి నేల మీద కూర్చుని, కట్టెను కాలితో అదిమిపట్టి చెక్కుతుంటే బాడిశ మోచేతి నుంచి చాపంలా తిరుగుతుంది. ఆకు వంపు ఆ చాపానికి కలవాలి. ఆకు మరీ విచ్చుకుని ఉంటే కట్టె మీద జారుతుంది, మరీ లోపలికి వంగితే దిగబడి ఆగిపోతుంది. ఇది సరిచేయడానికి కొలిమి దాకా పోనక్కర్లేదు. కామ కొసను ఒక పక్క కొంచెం చెక్కి, ఎదురు పక్క పలచని చీల దిగగొడితే కోణం మారుతుంది. రెండు మూడు పెచ్చులు తీసి చూసుకుంటూ, మళ్లీ సర్దుకుంటూ పోవాలి. వాదర ఏటవాలు ఎటున్నదీ ముఖ్యమే. లోపలి వైపు, అంటే కామ వైపు ఉంటే చదును చేయడానికి పనికొస్తుంది. బయటి వైపు ఉంటే గుంట తొలుస్తూ పైకి తేలివస్తుంది. బాడిశ వెనక మొద్దు భాగం సుత్తిగా కూడా వాడతారు గనక దాన్ని మెత్తగానే ఉంచాలి, పదును పెట్టకూడదు.

ఏ కట్టె చెక్కుతారన్నదాన్ని బట్టి వాదర మందం. బండి చక్రాలకు, నాగళ్లకు వాడిన నల్లతుమ్మకు 30 డిగ్రీలు దాటిన కోణమే నిలుస్తుంది. మొదట చెప్పిన 65వ నంబరు రహదారి కోదాడ దాటి విజయవాడ చేరేలోపు కొండపల్లి దగ్గరికి వస్తుంది. అక్కడ బొమ్మలు చెక్కే తెల్ల పొణికి ఎంత తేలికంటే, తుమ్మకు తయారైన మందపాటి వాదర దాన్ని కోయదు, నలుపుతుంది. పొణికికి వాదర పలచబడాలి. గ్రైండరు చక్రం మీద ఆ పని తొందరగా అవుతుంది గానీ, కొస నీలం తిరిగిందంటే కమ్మరి పెట్టిన పదును అక్కడికి పోయినట్టే. అందుకే తడి సానరాయి నయం.

చేతిపని అనగానే పొగడటం మన అలవాటు. ఇక్కడి చరిత్ర అంత తియ్యనిది కాదు. కళ్లం దగ్గర రైతులు ఇచ్చే మేర గింజలతో వడ్ల, కమ్మరి కుటుంబాలు బతికేవి. దొరలకు మాత్రం పనిముట్లు వెట్టికే చేసి ఇవ్వాల్సి వచ్చేదని పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట గ్రంథంలో నమోదు చేశారు. 1946–51 సాయుధ పోరాటానికి సూర్యాపేట, హుజూర్‌నగర్ ప్రాంతాలు గుండెకాయ. తర్వాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు మిర్యాలగూడ, కోదాడ పొలాలను తడిపాయి, వరి పెరిగింది, రైసు మిల్లులు వచ్చాయి, ట్రాక్టర్లు నాగళ్లను పక్కకు నెట్టాయి. కర్రు సాగగొట్టే పని పోవడంతో కొలిమికి ఏడాది పొడవునా ఉండే ఆదాయం పోయింది. ఇప్పుడు రోడ్డు పక్కన గుడారాలు వేసుకుని మధ్యప్రదేశ్, రాజస్థాన్ల సంచార కమ్మరులు గొడ్డళ్లు చేసి అమ్ముతున్నారు. వాళ్లలో సమ్మెట ఎత్తేది చాలాసార్లు ఆడవాళ్లే.

స్వీడన్‌లో గ్రాన్స్‌ఫోర్స్ కంపెనీ గొడ్డళ్ల మీద వాటిని కొట్టిన కమ్మరి పేరులోని పొడి అక్షరాలు ఉంటాయి. వాటికి ప్రపంచమంతటా గిరాకీ. మన గొడ్డలి మీద ఏ గుర్తూ ఉండదు. కానీ చేసినవాడు నాలుగు వీధుల అవతలే ఉంటే వాదర అరిగినప్పుడు మళ్లీ కాల్చి సాగగొట్టించుకోవచ్చు, బాడిశ వంపు నచ్చకపోతే అక్కడే కూర్చుని మార్పించుకోవచ్చు. చేత్తో కొట్టినదల్లా మంచిదేం కాదు. సరిగ్గా పదును పెట్టని కొలిమి గొడ్డలి కంటే ఫ్యాక్టరీ సరుకే నమ్మకం. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో కమ్మరం, వడ్రంగం, పనిముట్ల తయారీని చేర్చి, పనిముట్లకు 15 వేల రూపాయల దాకా ఇస్తోంది. ఆ డబ్బుతో యంత్రం వస్తుంది. ముంజేతికి సరిపోయే బాడిశకు కొలిమి దగ్గర కూర్చోక తప్పదు.

ఇక కామ. నల్లతుమ్మ బాగా పనికొస్తుంది, నార నిలువునా సాగిన ముక్క ఎంచాలి. నల్లగొండ ఎండలకు పచ్చి కట్టె కుంచించుకుపోయి తల ఊడుతుంది. చాలామంది దాన్ని నీళ్లలో నానబెట్టి బిగిస్తారు. అది ఒక రోజుకే, ఆరితే ముందుకన్నా వదులవుతుంది. నీడన నెలల తరబడి ఆరబెట్టిన కట్టెను కొంచెం లావుగా చెక్కి, కంతలోకి దిగగొట్టి, అవసరమైతే చీల వేసి ఆపాలి.