ఇంటిపేరు లేని పిల్లోడు

గంగమ్మ ఎదుట నిలబడి పుష్పరాజ్ తనకు కూతురు పుట్టాలని మొక్కుకుంటాడు. ఎర్రచందనం సిండికేటును గుప్పిట్లో పెట్టుకున్నవాడు వారసుడు కావాలని అడుగుతాడనుకుంటాం. వాడి లెక్క వేరు. కొడుకు పుడితే తనలాగే ఇంటిపేరు లేకుండా బతకాలి. ఆడపిల్లకైతే పెండ్లయినాక మొగుడి ఇంటిపేరు వస్తుంది, ఎవురి ముందరా తలొంచుకోవాల్సిన పని లేదు. 'పుష్ప 2'లో పోరాటాలన్నీ మరిచిపోయినా ఈ మొక్కు మాత్రం నన్ను వదల్లేదు. చిన్నప్పుడు తగిలిన దెబ్బ మనిషి కోరికల్లోకి కూడా ఎట్లా చొరబడుతుందో ఇంత పొదుపుగా చెప్పిన సన్నివేశం తెలుగులో ఈమధ్య నేను చూడలేదు.

దర్శకుడు సుకుమార్ ఈ కథను ధారావాహిక మాదిరి భాగాలు భాగాలుగా చెబుతున్నాడు. మొదటిది 2021 డిసెంబరు 17న, రెండోది 2024 డిసెంబరు 5న వచ్చాయి. మొదటిది చాలాభాగం మారేడుమిల్లి అడవుల్లో తీసినా కథ మాత్రం మా శేషాచలం కొండలది, మాట మా చిత్తూరు యాసది. తిరుమల ఘాట్ రోడ్డులో పోతూ ఎర్రచందనం చెట్లు చూసినవాళ్ళకు ఆ లోకం కొత్త కాదు. అయితే కథకు వేరు అడవిలో లేదు, ఒక ఇంటి గడపలో ఉంది. పుష్ప మొల్లేటి వెంకటరమణకు పెండ్లి కాని సంబంధంలో పుట్టిన బిడ్డ. తండ్రి పోయినాక సవతి అన్నలు ఆ ఇంటిపేరు వాడికి దక్కనియ్యలేదు.

ఇక్కణ్ణుంచి పనితనం గమనించండి. పెద్దయినాక వాడు తన పేరు చెప్పుకునే తీరు చూడండి: 'పుష్ప... పుష్పరాజ్'. పేరును రెండుసార్లు పలుకుతాడు. మనం ఇంటిపేరు చెప్పే చోట వాడు మళ్ళీ తన పేరే పెడతాడు. ఖాళీని తనతోనే నింపుకుంటాడు. జనం ఈలలు వేసిన ఆ మాటలో ఇంత దిగులుందని నాకు రెండోసారి చూస్తే గాని తట్టలేదు.

ఒళ్ళు కూడా అంతే. పుష్పగా అల్లు అర్జున్ ఒక భుజం పైకెత్తి నడుస్తాడు. ప్రేమలో ఉన్నా, తన్నులాటలో ఉన్నా ఆ భుజం దిగదు. దెబ్బ పడబోతోందని ముందే కాచుకున్న పిల్లోడు నిలబడే తీరు అది. 'తగ్గేదే లే' అని గడ్డం కింద చెయ్యి తిప్పినప్పుడూ నాకు ఆ పిల్లోడే కనిపిస్తాడు. ఈ పాత్రకే 2023లో ప్రకటించిన 69వ జాతీయ అవార్డుల్లో ఆయన ఉత్తమ నటుడయ్యాడు. తెలుగు నటుడికి ఆ గౌరవం దక్కడం అదే మొదలు.

కథలో మలుపు వచ్చిన ప్రతిసారీ సుకుమార్ అదే పుండు మీద వేలు పెడతాడు. పుష్ప నిశ్చితార్థం నాడు సవతి అన్న మోహన్ వచ్చి పుట్టుక సంగతి బయటపెడతాడు. ఫహాద్ ఫాజిల్ చేసిన షెకావత్ అనే పోలీసు అధికారి తనను 'సార్' అనలేదని పట్టుబడతాడు, మనిషికి బ్రాండు లేదని ఎత్తిపొడుస్తాడు. రెండో భాగంలో పుష్ప భార్య శ్రీవల్లి ముఖ్యమంత్రితో ఒక ఫొటో కావాలని ముచ్చటపడుతుంది. స్మగ్లరు పక్కన నిలబడనని ఆయన అంటాడు. దానికి పుష్ప ముఖ్యమంత్రినే మార్చేస్తాడు. ఒక్క ఫొటోకు ఇంత రాద్ధాంతమా అని కొందరికి అతిగా అనిపించింది. నాకు అనిపించలేదు. బడి ఈడులో 'నువ్వు మావాడివి కాదు' అనిపించుకున్నవాడికి పెద్దయినాక ఎదురయ్యే ప్రతి 'కాదు' మొదటి దాని గొంతుతోనే వినపడుతుంది.

చిన్ననాటి గాయం చుట్టూ కథ నడిపే ఈ పని టీవీలో వేరే తీరులో జరుగుతుంది. 2017లో స్టార్ మాలో మొదలైన 'కార్తీక దీపం'లో దీప కూడా ఇట్లాంటి గాయంతో పెరిగిందే, నల్లరంగు పేరుతో. ఏండ్ల తరబడి సాగే కథలో ఆ అవమానం రోజూ బయటి నుంచి వచ్చి తగులుతూ ఉంటుంది, ఆమె ఓర్చుకుంటుంది. పుష్పలో గాయం లోపల కూర్చుని నిర్ణయాలు తీసుకుంటుంది.

ఇంక రెండో భాగంలోని గంగమ్మ జాతర. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ ఏడుకొండలవాడికి చెల్లెలు. ఏటా మే నెలలో ఆమె జాతర వారం రోజులు సాగుతుంది, తిరుమల నుంచి సారె దిగుతుంది. ఆడవాళ్ళను చెరిచే పాళెగాడు అమ్మకు భయపడి దాక్కుంటే, వాణ్ణి వెతుకుతూ ఆమె రోజుకొక వేషం కట్టిందని మా పెద్దలు చెబుతారు. బైరాగి, బండ, తోటి వేషాలు అయిపోయి దొరవేషం కట్టినప్పుడు వాడు బయటికొచ్చాడు, తల తెగింది. ఆ తరువాతే మాతంగి వేషం. ఆ వారం ఊళ్ళో మగవాళ్ళు చీర కట్టి, జడ వేసుకుని, గాజులు తొడుక్కుని మొక్కు తీర్చుకుంటారు. మీసాలున్న మొగోడు చీరలో వీధిలో పోతుంటే ఎవురూ నవ్వరు, దండం పెడతారు.

సుకుమార్ పుష్పకు మాతంగిని తలపించే ఆ వేషం కట్టించాడు. భుజం ఎత్తుకుని, మగతనాన్నే కవచంగా తొడుక్కున్నవాడి ఒంటి మీద చీర పడేసరికి మనిషి అదుపు తప్పుతాడు, పూనకం వస్తుంది. అదే జాతరలో ఒక ఆడపిల్ల మీద చెయ్యి పడుతుంది. చీరకట్టులో ఉన్నవాడే ఆ పని చేసినవాళ్ళను చితకబాదుతాడు. ఇది పాళెగాడి కథే, ఊరు వందల ఏండ్లుగా చెప్పుకుంటున్నదే. సినిమా దానికి చేర్చింది ఒక్కటే: ఆ పిల్ల కావేరి, ఇంటిపేరు లాక్కున్న అన్న కూతురు. తనను కాదన్న ఇంటి పరువును తనే కాపాడతాడు. ఆ తరువాత కూడా అన్న నుంచి ఆదరణ దొరక్కపోతే, పుష్ప నోరు విప్పడు. శ్రీవల్లే నిలదీస్తుంది. ఆ పాత్ర చేసిన రష్మిక ఆ నిమిషాల్లో మొగుడి పుండును తన నోటితో మాట్లాడించింది.

ఒక వెలితి చెప్పకుండా ఉండలేను. 2015 ఏప్రిల్ 7న ఇదే శేషాచలంలో ఎన్‌కౌంటర్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. ఒకప్పుడు కూలీగా చెట్టు కొట్టిన పుష్ప, పైకెక్కినాక అట్లాంటి కూలీల ఇండ్ల వైపు చూడడు. గాయాన్ని ఇంత బాగా చదివిన దర్శకుడు ఆ వైపు కూడా చూసి ఉండాల్సింది.

చివరికి కావేరిని రెండోసారి కాపాడినాక అన్న దిగివస్తాడు, తమ్ముడిగా కలుపుకుని పెండ్లికి పిలుస్తాడు. ముఖ్యమంత్రిని మార్చినా రాని నెమ్మది ఆ పిలుపుతో వస్తుంది. ఆ పందిట్లోనే బాంబు పేలి కథ ఆగుతుంది. మూడో భాగం ఉందన్నారు. పేరును రెండుసార్లు పలికి ఖాళీని నింపుకున్నవాడు, ఖాళీ నిండినాక తన పేరు ఎట్లా చెప్పుకుంటాడో, ఆ భుజం దిగుతుందో లేదో చూడాలని నేను ఎదురుచూస్తున్నాను.