మసక వదిలించే చెయ్యి

బాత్రూంలో కొత్త టైల్స్ సందుల్లో గ్రౌట్ నింపాక గోడంతా బూడిద పూసినట్టు మసకేస్తుంది. దాన్ని వదిలించే మేస్త్రీ పనితనం చూసి తీరాలి. ముందు సందుని వేలితో నొక్కి చూస్తాడు. వేలికి అంటకపోతేనే స్పాంజి తీస్తాడు. చుక్క కారకుండా పిండి, టైలు మీద ఏటవాలుగా, తేలిగ్గా లాగుతాడు. సందు వెంటే లాగితే నింపిన గ్రౌట్ లేచొస్తుంది మరి. ఒక వైపుతో ఒక్క లాగుడు, తిప్పి ఇంకొకటి, వెంటనే బకెట్లో జాడింపు. నీళ్లు చిక్కబడితే పారబోసి కొత్తవి పట్టుకుంటాడు. నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ ఓపికే. మురికినీళ్లతో తుడిస్తే ఆ పొరే మళ్లీ పూసినట్టు! ఆరాక మిగిలిన మసకని పొడి నూలుగుడ్డతో గుండ్రంగా రుద్దుతాడు. యాసిడ్ జోలికి పోడు, అది సందుల్లో సిమెంటుని తినేస్తుంది. ఇంటివాళ్లు షాపులో ఇష్టపడి ఎంచుకున్న రంగు అప్పుడే గోడమీద తేలుతుంది.