దాచినవారి చిత్రం

2019లో విడుదలైన 'అపోలో 11' డాక్యుమెంటరీలో దర్శకుడు టాడ్ డగ్లస్ మిల్లర్ కొత్తగా తీసిన సన్నివేశం గాని, వయసు మళ్లిన వ్యోమగాములు నాటి సంగతులు నెమరువేసుకునే ముఖాముఖి గాని, చిత్రం కోసం ప్రత్యేకంగా రాయించిన వ్యాఖ్యానం గాని లేవు. 1969 జూలై 16న ఫ్లోరిడా తీరం నుంచి బయలుదేరి, 20న చంద్రుడిపై దిగి, 24న పసిఫిక్ మహాసముద్రంలోకి తిరిగివచ్చిన ఆ యాత్రను, ఆనాడే నమోదైన దృశ్యాలతో, ఆనాడే పలికిన గొంతులతో, 93 నిమిషాల్లో ఈ చిత్రం కళ్లకు కడుతుంది. డాక్యుమెంటరీ కళలో కెమెరా పట్టినవారికి ఎంత స్థానం ఉందో, వారు తీసిన ఫిల్మును యాభై ఏళ్లు చెడిపోకుండా దాచినవారికీ అంతే స్థానం ఉందని దీనిని శ్రద్ధగా చూసినవారికి బోధపడుతుంది.

పాత ఫిల్మును కూర్చి చంద్రయాత్రను చూపినవారిలో మిల్లర్ మొదటివారు కారు. టెక్సాస్ పాత్రికేయుడు అల్ రైనర్ట్ 1989లో 'ఫర్ ఆల్ మ్యాన్‌కైండ్' అనే చిత్రంలో, 1968 నుంచి 1972 వరకు చంద్రుడి దాకా వెళ్లిన 24 మంది అనుభవాలను ఒకే ప్రయాణంగా అల్లి, దానికి బ్రయాన్ ఈనో సంగీతాన్ని జోడించారు. వేర్వేరు యాత్రల దృశ్యాలు అందులో కలిసిపోతాయి. 1965 నాటి జెమిని నౌక వెలుపల జరిగిన అంతరిక్ష నడక కూడా చంద్రయాత్రలో భాగంగానే కనిపిస్తుంది. అనుభూతికి పెద్దపీట వేసిన ఆ పద్ధతికి తనదైన అందం ఉన్నా, ఏ దృశ్యం ఏ రోజుదో తెలుసుకోగోరే చరిత్ర విద్యార్థికి అది చాలదు. మిల్లర్ బృందం ఒకే యాత్రను, అది జరిగిన క్రమంలోనే చూపడానికి పూనుకుంది.

ఆ ప్రయత్నానికి ప్రాణం పోసినది అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో బయటపడిన పెద్ద పరిమాణపు ఫిల్ము. మామూలు సినిమాలకు అప్పట్లో వాడిన 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు దాదాపు రెండింతల వెడల్పు గల ఈ 65 మిల్లీమీటర్ల నెగటివ్‌పై ప్రతి ఫ్రేము విస్తీర్ణం ఎక్కువ కాబట్టి, దృశ్యాన్ని చాలా పెద్ద తెరపై వేసినా సూక్ష్మ వివరాలు చెదరవు. ఇటువంటి ఫిల్ములో కొంత భాగాన్ని థియో కామెకీ 1970లో 'మూన్‌వాక్ వన్' చిత్రానికి వాడుకోగా, మిగిలినది దశాబ్దాల పాటు చీకటి గదుల్లోనే ఉండిపోయింది. రాకెట్‌ను ప్రయోగ వేదికకు మోసుకుపోయే మహావాహనం, ప్రయోగాన్ని చూడటానికి తీరం పొడవునా బారులు తీరిన కార్లు, అంతరిక్ష దుస్తులు తొడుక్కుంటున్న ముగ్గురు వ్యోమగాముల ముఖాల్లోని గాంభీర్యం అందులో నిన్న తీసినంత స్పష్టంగా నిలిచి ఉన్నాయి.

శబ్దం విషయంలో పడిన శ్రమ ఇంకా కఠినమైనది. హ్యూస్టన్ నియంత్రణ కేంద్రంలో తీసిన 16 మిల్లీమీటర్ల ఫిల్ములో చాలావరకు మాట లేదు. అక్కడి సంభాషణలు 30 ట్రాకుల టేపులపై, అంటే ఒకే టేపు మీద సమాంతరంగా సాగే 30 శబ్దరేఖలుగా, విడిగా నమోదయ్యాయి. డల్లాస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాటిని ఒకేసారి చదవగల పరికరాన్ని సిద్ధం చేసి డిజిటల్ రూపంలోకి మార్చారు. సుమారు 11,000 గంటల ఆ శబ్దంలో, మూగ దృశ్యంలోని ఒక్కొక్క పెదవి కదలికకు సరిపడే మాటను వెతికి జతపరచిన, చిత్ర బృందంలోని స్టీఫెన్ స్లేటర్ వంటివారి ఓర్పును గొప్ప పరిశోధన అని అనడమే న్యాయం.

ఇంత సామగ్రి చేతికి వచ్చాక కూర్పరిగా మిల్లర్ చూపిన నిగ్రహం ప్రశంసనీయం. వ్యోమగాములు రాకెట్ వద్దకు వస్తున్న వేళలోనే హైడ్రోజన్ కారుతున్న కవాటాన్ని సరిచేస్తున్న సాంకేతిక సిబ్బందికి, ప్రయోగ నియంత్రణ గదిలోని ఏకైక మహిళా ఇంజనీరు జోఆన్ మోర్గాన్‌కు ఇందులో చోటు దక్కింది. చంద్రుడిపై దిగే ఘట్టంలో, పని ఒత్తిడి పెరిగి కంప్యూటర్ ఇచ్చిన '1202' హెచ్చరిక, తరిగిపోతున్న ఇంధనం లెక్క, వ్యోమగామి ఆల్డ్రిన్ వైపు కిటికీలో అమర్చిన కెమెరా పట్టిన నేల మాత్రమే ప్రేక్షకుడి ముందు ఉంటాయి. ఫలితం అందరికీ తెలిసినదే అయినా ఉత్కంఠ తగ్గదు. అయితే ఆ యాత్రకైన ఖర్చును ప్రశ్నిస్తూ, ప్రయోగానికి ముందు రాల్ఫ్ అబెర్నతీ నాయకత్వంలో పేదలు జరిపిన నిరసన వంటి సామాజిక నేపథ్యాన్ని ఈ చిత్రం లోతుగా పట్టించుకోలేదు. అది లోపమే, ఆ రోజుల సంపూర్ణ చరిత్రకు ఇతర ఆధారాలనూ ఆశ్రయించక తప్పదు.

దాచడం ఎంత అవసరమో అదే యాత్రకు చెందిన మరొక ఉదంతం చెబుతుంది. చంద్రుడి నుంచి నేరుగా అందిన టెలివిజన్ సంకేతాలను నమోదు చేసిన మూల టేపులను తర్వాతి కాలంలో చెరిపి, తిరిగి వాడుకొని ఉంటారని నాసా 2009లో వెల్లడించింది. ప్రసార సంస్థల వద్ద మిగిలిన ప్రతులను శుద్ధి చేసి చూడటమే ఇప్పుడు గతి. మానవజాతి చరిత్రలోనే అంతటి ముఖ్యమైన ఘట్టానికి కూడా మూలప్రతి దక్కలేదంటే, నిర్లక్ష్యానికి పెద్దా చిన్నా తేడా లేదని గ్రహించాలి.

ఈ పాఠం మనకూ వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ తీరంలోని శ్రీహరికోట ప్రయోగ కేంద్రం నుంచి 1971లో తొలి పరిశోధక రాకెట్ ఎగిరింది. 1980 జూలై 18న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. 2023లో చంద్రయాన్-3 బయలుదేరినదీ అక్కడి నుంచే. ఈ ప్రస్థానంపై రాబోయే డాక్యుమెంటరీల విలువ, నేడు మిగిలి ఉన్న ముడి ఫిల్ముపై, శబ్దంపై, ఛాయాచిత్రాలపై ఆధారపడుతుంది. కాబట్టి సంస్థలైనా, ఆ కేంద్రంలో పనిచేసినవారి కుటుంబాలైనా, తమ వద్ద ఉన్నదానికి నేడే పేర్లు, తేదీలు రాసిపెట్టి, చెడిపోకముందే డిజిటల్ ప్రతులు తీయించి, మూలప్రతులను మాత్రం ఎన్నడూ పారవేయకుండా కాపాడాలి.