పెట్టె పలకకూడదు

బొబ్బిలిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. తీగ మీటితే కుండ పలకాలి, దండి పలకాలి. చెక్క పలకకపోతే అది వీణే కాదు. స్పీకర్ పెట్టె సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ పలకాల్సింది ముందుకూ వెనక్కూ కదిలే శంకువు, అంటే కోన్ ఒక్కటే. పెట్టె నోరెత్తకూడదు.

ఈ తేడా నాకు వీణ కచేరీ వింటుంటేనే తెలిసింది. కొత్తగా కొన్న స్పీకర్ల జతలో మంద్రస్థాయి స్వరాలు కొన్ని సాఫీగా వచ్చేవి, ఒకటి రెండు మాత్రం గుంయ్‌మని పైకి లేచేవి. మృదంగం ఎడమవైపు దెబ్బ పడ్డాక మోత ఆగేది కాదు. ముందు వాటిని గది మూలల్లోంచి జరిపాను. మూలన పెడితే గోడలు మంద్రాన్ని పెంచేస్తాయి. గోడకు అడుగున్నర దూరం తెచ్చేసరికి సగం బాధ తీరింది. మిగతా సగం కోసం పెట్టె పక్కచెక్కను వేలి కణుపుతో తట్టాను. ఖాళీ డబ్బాలా మోగింది.

కోన్ ముందుకు కదిలితే ముందు గాలి ఒత్తుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. ఆ రెండు అలలూ కలిశాయా, మంద్రం మాయం. అందుకే పెట్టె కట్టి వెనక అలను బంధిస్తారు. బంధించిన అల ఊరుకోదు. లోపలి గోడలకు కొట్టుకుని, పల్చటి చెక్కను వణికించి, కాస్త ఆలస్యంగా కోన్‌లోంచే బయటికొస్తుంది. 1954లో అమెరికాలో అక్యూస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టిన ఎడ్గార్ విల్చర్, మూసిన చిన్న పెట్టెలోని గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. పెట్టెలో ఫైబర్‌గ్లాస్ కూరాడు. పీచు నింపితే అలల జోరు తగ్గడమే కాదు, చిన్న పెట్టె కొంచెం పెద్ద పెట్టెలా పనిచేస్తుంది.

నా పెట్టెలో మంద్రం పలికించే వూఫర్ మరలు విప్పి చూస్తే లోపల అరచేతంత దూది ముక్క, అంతే. పక్కచెక్కల మధ్య ఒక టేకు పుల్లను బిగువుగా నిలిపి ఫెవికాల్‌తో అతికించాను. చెక్కల లోపలివైపు కారు తలుపులకు వేసే తారు షీటు పరిచాను. పరుపుల కొట్లో కొన్న పాలిస్టర్ దూదిని విదిలించి నింపాను. మొదటిసారి మరీ కూరేశాను. గాయకుడి గొంతులో ప్రాణం పోయింది. సగం తీసేశాక తిరిగొచ్చింది. పెట్టెకు గాలి గొట్టం ఉంటే దాని నోటికి దూది అడ్డు రాకూడదు.

పై స్వరాలు పలికించే ట్వీటర్‌కు వెళ్లే తీగలో 4 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటే ఉంది. 8 ఓమ్‌ల ట్వీటర్‌కు అది దాదాపు 5,000 హెర్ట్జ్ దగ్గర్నుంచి కింది స్వరాలను ఆపుతుంది. ఇలాంటివి ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోయి విలువ మారతాయి. కోఠీ గుజరాతీ గల్లీలో అదే విలువ ఫిల్మ్ కెపాసిటర్ కొని టంకం వేశాను. తాళం మోత కాస్త తేటపడింది. పెట్టెకు చేసిన పనితో పోలిస్తే మాత్రం ఇది చిన్న మార్పే. ఖరీదైన తీగలు, బంగారు పూత పిన్నులు కొనేవాళ్లు ఆ డబ్బు చెక్కకూ దూదికీ పెడితే మేలని నా గట్టి అభిప్రాయం.

మీరు మరలు విప్పకముందే చూడాల్సినవి ఉన్నాయి. ట్వీటర్ మీ చెవుల ఎత్తులో ఉండాలి. రెండు స్పీకర్లకూ ఎరుపు తీగ ఎరుపుకీ, నలుపు తీగ నలుపుకీ కలిసి ఉండాలి. ఒకదానికి తిరగబడితే రెండు కోన్‌లూ వ్యతిరేక దిశల్లో కదిలి మంద్రం చచ్చిపోతుంది. అనుమానముంటే తీగల్ని ఆంప్లిఫయర్ నుంచి ఊడదీసి, ఒకటిన్నర వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. పాజిటివ్ ఎరుపుకి తగిలినప్పుడు రెండు వూఫర్లూ ఒకే వైపు కదలాలి.

ఆంప్లిఫయర్ లోపలే ఉన్న స్పీకర్లను మాత్రం దయచేసి విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా వాటి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.