1948 నాటి కొత్త బండి

రాయల్ ఎన్‌ఫీల్డ్ నుంచి ఏ కొత్త మోడల్ వచ్చినా మా జంషెడ్‌పూర్‌లో జనం ముందు ట్యాంకు దగ్గరే ఆగుతారు. బంగారు గీత, క్రోమ్ మెరుపు, గుండ్రటి హెడ్‌లైటు చూసి పాతకాలపు అందమని మురిసిపోతారు. కొన్ని బండ్ల మీద ఆ గీతలు చేత్తో, కుంచె పట్టి గీసినవే. అది గొప్ప పనితనం, సందేహం లేదు. అయితే బుల్లెట్టు వారసత్వాన్ని ఆ గీతల దగ్గరే ఆపేస్తే దానికి అన్యాయం చేసినట్టే.

1948 సంగతి చూడండి. అప్పట్లో చాలా మోటార్‌సైకిళ్లకు వెనక చక్రం ఫ్రేముకే బిగించి ఉండేది. గుంతలో పడితే దెబ్బంతా నడిపేవాడి నడుముకే. ఎన్‌ఫీల్డ్ వాళ్లు ఆ ఏడాది వెనక చక్రం పైకీ కిందికీ కదిలేలా స్వింగార్మ్, నూనె నింపిన షాకబ్జార్లు పెట్టిన 350 సీసీ బుల్లెట్టును తయారుచేసి, అమ్మకానికి పెట్టకముందే రాళ్లూ బురదా ఉన్న ట్రయల్స్ పోటీలకు పంపారు. ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో ఇద్దరు బుల్లెట్టు రైడర్లు స్వర్ణ పతకాలు గెలిచారు. ఇప్పుడు మనం పాతదనం కోసం కొనుక్కునే బండి ఆనాడు అందరికంటే ముందున్న బండి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి ఇక్కడే తయారీ మొదలయ్యాక, మన గతుకుల రోడ్ల మీద అది నిలదొక్కుకోవడానికి కారణాల్లో ఆ షాకబ్జార్లూ ఉన్నాయి.

అందుకే నన్నడిగితే ఆ 1948 బండికి అసలు వారసుడు 2023లో వచ్చిన హిమాలయన్ 450. 452 సీసీ, ఆరు గేర్లు, కంపెనీ చరిత్రలోనే తొలిసారి నీటితో చల్లబడే ఇంజను. కాంటినెంటల్ జీటీ కప్ రేసులను కూడా నేను ఈ లెక్కలోనే వేస్తాను. వాటిలో అందరూ ఒకే రకం 650 బండి నడపాలి కాబట్టి, గెలుపు రైడర్ చేతిలో ఉంటుంది.

చెయ్యి అనగానే మా ఊళ్లో కద్మా పేట మిస్త్రీ గుర్తొస్తాడు. శ్రీకాకుళం నుంచి తాతల నాడే వలసొచ్చిన కుటుంబం. పాత బుల్లెట్టులో వాల్వులను కదిపే టాపెట్లు సరిచేయాలంటే ఇంజను చల్లగా ఉండాలంటాడు. వేడి మీద గ్యాప్ మారిపోతుంది. పిస్టన్ పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకున్నాక, కుడి పక్కన చిన్న మూత తీసి, పుష్‌రాడ్ కింద నట్టు వదులు చేసి, రెండు వేళ్లతో ఆ కడ్డీని తిప్పి చూస్తాడు. “కడ్డీ తిరగాలి బాబూ, ఎగరకూడదు,” అంటాడు. వదులైతే టకటక చప్పుడు. బిగుతైతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది, కిక్కు కొట్టినా కంప్రెషన్ దొరకదు. ఫీలర్ గేజ్ వాడడు. వేళ్లకు తెలిసిపోతుంది. నట్టు బిగించేటప్పుడు ఆ సెట్టింగు కొంచెం కదులుతుంది గనక, బిగించాక మళ్లీ తిప్పి చూస్తాడు. ఆ రెండోసారి చూడటంలోనే పనివాడెవడో తెలుస్తుంది.

కొత్త ఇంజన్లలో ఆ మూతా లేదు, ఆ కడ్డీలూ లేవు. బాధపడను. వర్షంలో సెల్ఫ్ నొక్కగానే అంటుకునే బండి మంచి బండే. నా బాధల్లా మిస్త్రీ గురించి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో లోపం కనిపెట్టాలంటే కంప్యూటర్ పరికరం కావాలి. ఆ పరికరమూ శిక్షణా షోరూము గోడ దాటి మా మిస్త్రీ దాకా రావట్లేదు. గోల్‌మురిలో ఆర్.డి. టాటా టెక్నికల్ ఎడ్యుకేషన్ సెంటర్ ఉన్న ఊరు ఇది. ఫిట్టర్లనూ టర్నర్లనూ తరతరాలుగా తయారుచేసిన ఊరు. రోడ్డు పక్క మెకానిక్కులకు ఇక్కడే సాయంత్రం తరగతులు పెట్టి, ఆ పరికరాన్ని వాళ్లు కొనగలిగే ధరకు ఇవ్వాలని కంపెనీలను అడుగుతున్నాను. మా మిస్త్రీ మొదటి బెంచీలో కూర్చుంటాడు.