ఆకున మచ్చ, మట్టిలో హేతువు

రసాయన లవణములను నీట కరగించి మొక్కకు అందించు పద్ధతిలో పొరపాటు జరిగినచో, దాని ఫలము నాలుగునాళ్లు తిరుగకముందే ఆకులపై కనబడును. కుండీని మంచినీటితో కడిగివేసి మోతాదు సరిదిద్దుకొన్న పక్షమున మొక్క త్వరలోనే తేరుకొనును. సేంద్రియ మృత్తికలో సాగు సలుపువానికి ఈ సౌలభ్యము లేదు. ఇక్కడ ఎరువు మొక్కకు తిన్నగా ఆహారము కాదు. అది మొదట సూక్ష్మజీవుల పాలబడి, వాటి జీవక్రియచే అమ్మోనియముగనో నైట్రేటుగనో మారిన పిదపగాని వేరునకు అందదు. కావున మన్ను కలిపిననాడు జరిగిన లోపము మొక్క పూతకు వచ్చిన వేళ, అనగా రెండు నెలలు గడచిన తరువాత, ఒక పసుపుమచ్చయై బయటపడుచుండును. ఆనాటికి మనము ఏమి కలిపితిమో, ఎంత కలిపితిమో మనకే జ్ఞాపకముండదు. ఇంటిలోపల దీపకాంతిలో గంజాయి మొక్కను పెంచు అభ్యాసమున నాకు అలవడిన విద్య యేదైన ఉన్నచో, అది ఆకును చూచి కాలమును వెనుకకు చదువుకొను విద్య.

గంజాయి యనగానే మన పాఠకుల కనుబొమలు ముడివడుట సహజము గనుక, ముందుగా ఒక్కమాట చెప్పవలసి యున్నది. నేను నివసించు ఒంటారియోలో, 2018 అక్టోబరు 17న అమలులోనికి వచ్చిన కెనడా శాసనము ననుసరించి, 19 ఏండ్లు నిండినవాడు తన ఇంట 4 మొక్కలు పెంచుకొనవచ్చును; ఆ నాలుగును ఇంటికే గాని మనిషికి కావు. పొరుగుననే యున్న క్విబెక్ రాష్ట్రము ఆ మాత్రపు స్వాతంత్ర్యమును గూడ నిషేధించినది. ఆ నిషేధము చెల్లునని ఈ దేశపు సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పినది. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద, అనుమతి లేని ఈ సాగు నేరము. విశాఖ మన్యమున దళారుల మాట నమ్మి కొండవాలున ఈ పైరు వేసిన గిరిజనుడు చెరసాల పాలగుచుండగా, అదే మొక్కను నేనిక్కడ తోటపనిగా నెంచి వ్రాయుచున్నాననెడి ఎరుక నన్ను విడువదు; విడువగూడదు కూడ. చట్టము సమ్మతించిన హద్దులలోని కృషిని గూర్చి మాత్రమే ఈ వారపు ముచ్చట.

ఇక్కడి సాగుదారులు వాడుక చేసికొన్న మట్టి స్థూలముగా మూడు సమభాగముల మిశ్రమము: చిత్తడినేలల నాచు యుగములపాటు నిలువయై ఏర్పడిన పీట్, వానపాముల ఎరువు, లోన గాలి ఆడుటకై పెర్లైట్. దీనికి సముద్రపు నాచుపొడి, పీతచిప్పల పొడి, నల్లరాతి ధూళి చేర్చుదురు. అన్నింటికంటె ముందు చేర్చునది మన వేపపిండి! మన రైతు వరిచేలకు, నిమ్మతోటలకు తరతరములుగా వేసిన ఆ చేదుపిండి ఇంతదూరము ప్రయాణము చేసి మంచుదేశపు నేలమాళిగలలో చోటు సంపాదించుకొనుట నాకు మిక్కిలి సంతోషము కలిగించు విషయము. ఆ మాటకు వచ్చిన, ఈ విద్యకు మూలములలో నొకటి మన దేశమందే యున్నది. 1924లో ఇండోరున నెలకొన్న సస్య పరిశోధనాలయమున ఆల్బర్ట్ హోవర్డ్, యశ్వంత్ వాడ్ తోడ్పాటుతో, గడ్డిగాదము, పేడ, మూత్రము పీల్చిన మట్టి, కట్టెబూడిద పొరలుగా పేర్చి, తిరగవేసి, పక్వము చేయు విధానమును క్రమబద్ధము గావించి 1931లో గ్రంథస్థము చేసెను. పచ్చి ఎరువునకును పండిన ఎరువునకును గల భేదమే ఆ విధానమునకు ప్రాణము.

ఆ భేదమును లెక్కచేయకపోవుటయే క్రొత్తవాని మొదటి లోపము. వేపపిండి వంటి నత్రజని గల పిండ్లు తడి తగిలి కుళ్లునప్పుడు మట్టి వేడెక్కును. ముక్కున ఘాటు సోకును. ఆ అమ్మోనియాకు లేతవేరు మాడిపోవును. మట్టిని కలిపి, తగుమాత్రము తడిపి, కప్పిపెట్టి కొన్ని వారములు ఓపిక పట్టుట తప్ప దీనికి వేరు ఉపాయము లేదు. సున్నము సంగతి ఇంతకంటె సూక్ష్మము. పీట్ స్వభావముచే ఆమ్లము గనుక ఆల్చిప్పల పొడియో సున్నపురాతి పొడియో విరుగుడుగా వేయుదురు. అది మెల్లగ కరగు పదార్థము. ఆతురపడువాడు మరునాడే పరీక్షించి, ఆమ్లము తగ్గలేదని మరియొక దోసెడు చల్లును. నెల గడచునప్పటికి రెండు దోసెళ్లును కరగి మట్టి క్షారమగును. ఇనుము మట్టిలో ఉండియు వేరునకు అందదు. చిగురాకులు ఈనెలు మాత్రము పచ్చగా మిగిలి తెల్లబారును. ఇనుము తక్కువైనదని అతడు ఇనుము పోయును! మచ్చ నిజమే, పేరు నిజమే, కాని హేతువు నెలరోజుల వెనుక ఆ రెండవ దోసెడులో ఉన్నది.

నీటి విషయమున చూపు మోసపోవుట మరింత సులభము. మా ఊరనే ఉండు ఒక గుంటూరు ప్రాంతపు యువకుడు మొన్న శీతకాలమున నన్ను పిలిచి, "అన్నగారూ, రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నాను, అయినా ఆకులు వేలాడిపోతున్నాయి. వేరు కుళ్లిందంటారా?" అని అడిగెను. గుడ్డకుండీని రెండుచేతుల ఎత్తి చూచితిని. గంపంత కుండీ దూదివలె లేచివచ్చినది. "మరొకసారి పోయి నాయనా" అంటిని. అతడు పోసిన నీరు మట్టిపై ఒక్క నిమిషమైనను నిలువక అంచున జారి, క్రింది పళ్లెమున గలగల పడినది. మట్టికిని గుడ్డకును నడుమ వ్రేలు దూరునంత సందు. నడుమ గుచ్చి చూడగా లోపల పొడి దుమ్ము. విచారింపగా, పండుగకు అతడు స్వదేశము వెళ్లిన మూడు వారములలో నీరందక పీట్ పూర్తిగ ఎండినదని తేలినది. ఒకసారి ఎండిన పీట్ నీటిని పీల్చదు, నెట్టివేయును. ఆ తరువాత ఎన్ని చెంబులు పోసినను అది పళ్లెమునకు స్నానమే గాని మొక్కకు పానము కాదు. కుండీని నీటితొట్టిలో నిలిపి, క్రిందినుండి గంటలపాటు నాననిచ్చితిమి. ఇట్టి మట్టిని తిరిగి తడుపుటకు ఇక్కడివారు యక్కా మొక్క రసమును వాడుదురు. అందలి నురుగు గుణము మన కుంకుడుకాయలోని సపోనిన్ల జాతిదే. అతనికి నేను చెప్పినది ఒక్కటే: ఆకును చూచి నీరు పోయకు, కుండీని ఎత్తి చూచి పోయుము. దాహముగొన్న మొక్కయు, నీట మునిగి గాలి అందని మొక్కయు దూరమునుండి ఒకేవిధముగ తలవాల్చును. బరువు మాత్రము అబద్ధమాడదు.

చీకటిని గూర్చి క్లుప్తముగ. గార్నర్, అలార్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞులు 1920లో, వేసవియంతయు పూయక ఎదిగిపోవు మేరీలాండ్ మామత్ పొగాకును దినమున కొన్ని గంటలు చీకటిగదిలో నుంచి పుష్పింపజేసిన ప్రయోగములను ప్రకటించిరి. 1938లో హామ్నర్, బానర్ మరులమాతంగి మొక్కపై శోధించి, మొక్క లెక్కించునది పగటిని గాదు, ఎడతెగని రాత్రిని అని తేల్చిరి. చామంతి తోటలో రాత్రివేళ దీపములు వెలిగించి పూతను వాయిదా వేయువారికి ఇది అనుభవైకవేద్యము. గంజాయియు ఆ కోవకు చెందినదే; రోజుకు 12 గంటల నిండు చీకటి దొరకినచో పూతకు వచ్చును. ఇంటిలోపల మొక్కను కప్పియుంచు గుడారపు జిప్పు సందునుండి రాత్రి వెలుగు చొరబడినచో ఆడుమొక్కపై మగపూవులు పుట్టవచ్చును. తరువాత ఎప్పుడో పూగుత్తిలో గింజలు కనబడును.

కోతకు దగ్గరపడిన దినములలో క్రిందియాకులు పసుపెక్కుట పండుటకు చిహ్నము. నత్రజని లోపమునకును ఆనవాలు అదే గనుక, చూచినవాని చేయి ఎరువుపై పోవును. ఆ సమయమున పైన చల్లిన పిండి కోతకు ముందు మొక్కకు ఉపయోగపడు రూపము దాల్చదు. అప్పుడు దృష్టి నిలుపవలసినది గాలితేమపై. దీపములు ఆరగానే గది చల్లబడును, చల్లబడిన గాలిలో సాపేక్ష తేమ పెరుగును, దట్టమైన పూగుత్తి నడుమ బోట్రైటిస్ అను బూడిదబూజు మొలచును. ద్రాక్షగుత్తులను కుళ్లజేయునదియు ఇదే. వెలుపల ఒక చిన్నయాకు అకారణముగ వాడి, లాగిన వెంటనే ఊడివచ్చినచో, లోపల గోధుమవర్ణపు కుళ్లు సిద్ధముగ నున్నదని తెలియవలెను.

కోత ముగిసిన పిదప ఈ మట్టిని పారవేయరు. మొదలు కోసి, వేరును అందే కుళ్లనిచ్చి, అదే కుండీలో మరల నాటుదురు. నా దృష్టిలో సేంద్రియ పద్ధతికి గల గొప్ప సొగసు ఇదియే. అత్యంత సూక్ష్మమైన లోపము దాగియున్నదియు ఇక్కడనే. ప్రతి పంటకు ముందు అలవాటుగ అన్ని పిండ్లును చల్లినచో, మొక్క తీసికొనని భాస్వరము పేరుకొనును. భాస్వరము మెండైనచోట వేరును అంటి బ్రతుకు మైకోరైజా శిలీంధ్రము తన పని మానుకొనును. అందుచే ఆ గుంటూరు యువకుడు ఈ వసంతమున తన పాతమట్టికి ఏమేమి కలుపవలెనని జాబితా అడిగినప్పుడు, జాబితా వ్రాయక, ముందు ఒక గుప్పెడు మట్టిని ఆరబెట్టి పరీక్షకు పంపుమంటిని. కలిపిన పదార్థము, తూకము, తేది కుండీ ప్రక్కననే ఒక పుస్తకమున వ్రాసియుంచుమంటిని. ఫలితము వచ్చువరకు అతడు ఏమియు కలుపలేదు.